పాత పద్మిని, ఎనిమిదొందల యాభై రూపాయల మల్టీమీటర్: ఏడేళ్ళ వాడకం తర్వాత

2018లో వైజాగ్ డాబాగార్డెన్స్‌లో ఎనిమిదొందల యాభై పెట్టి కొన్న మామూలు డిజిటల్ మీటర్ ఇది, కంపెనీ పేరు అనవసరం, ఆ ధరలో అన్నీ అన్నదమ్ముల్లాగే ఉంటాయి. నా దగ్గరున్నది 1979 మోడల్ ప్రీమియర్ పద్మిని కారు, డైనమో బండి, అంటే ఆల్టర్నేటర్ కాకుండా పాతకాలం డైనమోతో బ్యాటరీ ఛార్జయ్యేది. ముందే చెప్పేస్తున్నా, మీటర్ మంచిదే, కానీ పాత బండికి అదొక్కటే నమ్ముకుంటే నిండా ముంచేస్తుంది.

ఎలాగంటే, ఓ రాత్రి భీమిలి నుంచి వస్తుంటే కుడి హెడ్‌లైట్ కిరసనాయిలు బుడ్డిలా అయిపోయింది. మర్నాడు కనెక్టర్ ఊడదీసి మీటర్ పెడితే 12.4 వోల్టులు, శుభ్రంగా ఉంది కదా అని బల్బు మార్చా, మళ్ళీ అదే బుడ్డి దీపం. రెండు బల్బులు దండగయ్యాక మా వీధి చివరి ఎలక్ట్రీషియన్ బాబాయ్ వచ్చి "లైటు ఎలగనిచ్చి చూడరా, ఊడదీసి చూస్తే ఏటి తెలుస్తాది" అన్నాడు. నిజమే, మీటర్ కరెంటు దాదాపు ఏమీ లాగదు, అందుకే తుప్పు పట్టిన జాయింట్ వెనక నుంచి కూడా పూర్తి వోల్టేజ్ చూపించేస్తుంది, అదే 55 వాట్ల బల్బు అయితే నాలుగున్నర ఆంపియర్లు అడుగుతుంది, అక్కడ బండారం బయటపడుతుంది. బల్బు పెట్టి లైటు వేసి చూస్తే బల్బు దగ్గర 9.6 మాత్రమే. మీటర్ వైర్ల చివరి మొనల్లో (ప్రోబ్‌లు) ఒకటి బల్బు ఎర్త్ పిన్నుకి, అంటే కరెంటు బండి బాడీ గుండా బ్యాటరీకి తిరిగెళ్ళే వైపుకి, ఇంకోటి బ్యాటరీ మైనస్‌కి పెడితే 2.3 వోల్టులు, అంటే అంతా ఎర్త్‌లోనే పోతోంది. ఎర్త్ వైరుని బాడీకి బిగించిన స్క్రూ విప్పితే రింగు కింద పచ్చగా చిలుం, దాని కింద ఎవరో కొట్టిన పెయింటు. గరుకు కాగితంతో ఇనుము తళతళలాడేదాకా రుద్ది, బిగించి, పైన వాజలీన్ పూస్తే 0.07కి దిగింది. బల్బుల ఖర్చు మాత్రం తిరిగి రాలేదు లెండి.

అప్పటి నుంచి 21 వాట్ల ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు సోల్డర్ చేసి డిక్కీలో పడేశా. ముందు అది పెట్టి చూస్తా, వెలక్కపోతేనే మీటర్ తీస్తా. మాది లాసన్స్ బే కాలనీ, ఉప్పుగాలికి ఏ లోహమూ బాగుండదు, ఈ బండిలో వచ్చిన కంప్లైంట్లలో ముప్పాతిక వంతు ఎర్తులూ ఫ్యూజ్ క్లిప్పులే. హారన్ మోగకపోతే నేనైతే ముందు ఆ పింగాణీ ఫ్యూజుని వేలితో అటూ ఇటూ తిప్పుతా, సగం సార్లు అక్కడితోనే అయిపోతుంది.

మీటర్ లేకపోతే దొరకనిది ఒకటుంది, దొంగ కరెంటు, అంటే బండి ఆపేసినా బ్యాటరీ నుంచి ఏదో గుట్టుగా లాగేసే కరెంటు. మూడు రోజులు కదపకపోతే బండి స్టార్ట్ అయ్యేది కాదు. బ్యాటరీ మైనస్ తీసి మధ్యలో 10 ఆంప్ రేంజ్‌లో మీటర్ పెడితే 0.3 ఆంపియర్లు, రోజుకి ఏడు ఆంపియర్ అవర్ల పైనే, నా 45 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఎన్నాళ్ళు ఆగుతుంది. ఒక్కో ఫ్యూజూ పీకుతూ పోతే చివరికి పాత ఓనర్ పెట్టించిన స్టీరియో దగ్గర తేలింది. ఇలా మీటర్ తగిలించి ఉన్నప్పుడు సెల్ఫ్ మాత్రం కొట్టకండి, అది లాగే కరెంటు ముందు ఈ 10 ఆంప్‌లు ఏ మూలకీ రావు.

ఇక మీటర్ కష్టాలు. రెండో ఏడుకే ప్రోబ్ వైర్లు గట్టిపడి మెడ దగ్గర విరిగాయి. బ్యాక్‌లైట్ పది సెకన్లకే ఆరిపోతుంది, బానెట్ కింద చీకట్లో ఒళ్ళు మండుతుంది. సెలెక్టర్ నాబ్ లోపల కూడా చిలుం పట్టి అంకెలు గంతులేస్తే విప్పి స్పిరిట్‌తో తుడిచా. అన్నిటికంటే దారుణం, లోపలి 9 వోల్ట్ బ్యాటరీ వీకయితే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. ఒకసారి ఛార్జింగ్ 16.8 అంది, కటౌట్ (డైనమో ఛార్జింగ్‌ని అదుపులో పెట్టే డబ్బా) పోయిందనుకుని ఆదివారమంతా దాని మూత విప్పుకుని కూర్చున్నా, మీటర్‌లో కొత్త బ్యాటరీ వేస్తే 14.1. ఐడ్లింగ్‌లో ఛార్జింగ్ లైటు మినుకుమంటే కూడా కంగారు పడకండి, డైనమో బండికి అది మామూలే.

ఇంకోసారి ఎర్ర ప్రోబ్ 10 ఆంప్ జాక్‌లోనే మర్చిపోయి నేరుగా బ్యాటరీకి పెట్టేశా, ఆ జాక్‌లో ఉంటే మీటర్ ఉత్త తీగతో సమానం, ఠప్‌మని మెరుపు, ప్రోబ్ మొన కరిగి సగమైంది. మీటర్ మాత్రం ఎలాగో బతికింది. ఇప్పుడు ఆ జాక్ మీద ఇన్సులేషన్ టేప్ అంటించి పెట్టుకున్నా, పీకితే గానీ ప్రోబ్ దూరదు.