గొరిల్లా పిల్లకు పాలసీసా మేలా, తల్లి ఒడి మేలా?

జూలో గొరిల్లా ప్రసవించింది. బిడ్డను దగ్గరకు తీసుకోవడం లేదు. అప్పుడు ఏం చేయాలి? బిడ్డను ఎత్తుకొచ్చి మనుషులే పాలు పట్టి పెంచాలా? ఓపిక పట్టి తల్లికే వదిలి చూడాలా? మరో ఆడ గొరిల్లా చేతిలో పెట్టాలా? జూలు ఈ ప్రశ్నకు అరవై ఏళ్లకు పైగా రకరకాల జవాబులు చెబుతూ వచ్చాయి. గన్నవరం పశువైద్య కళాశాలలో చదువుతున్న మా మేనకోడలు సీసా పక్షం. "ముందు ప్రాణం నిలవాలి కదా మామయ్యా, మిగిలినవన్నీ తరువాత" అంటుంది. నేను తల్లి పక్షం. విజయవాడలో మా ఇంట్లో ఒక ఆదివారం భోజనాల దగ్గర మొదలైన వాదన, చేతులు ఎండిపోతున్నా తెగలేదు.

ఆమె వాదనలో బలం లేకపోలేదు. 1956 డిసెంబరు 22న అమెరికాలోని కొలంబస్ జూలో క్రిస్టినా అనే గొరిల్లాకు ఆడపిల్ల పుట్టింది. మనిషి సంరక్షణలో గొరిల్లా పుట్టడం ప్రపంచంలో అదే మొదటిసారి. ఆ ఉదయం బోను దగ్గరకు వెళ్లిన వారెన్ థామస్ అనే పశువైద్య విద్యార్థికి, మావి పొర కూడా వీడకుండా నేల మీద పడి ఉన్న బిడ్డ కనిపించింది. అతను పొర చించి, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊది బతికించాడు. రెండు కిలోలైనా తూగని ఆ పిల్లే కోలో. సీసా పాలతో పెరిగి, అరవై ఏళ్లు బతికి, 2017 జనవరిలో కన్నుమూసింది. తల్లికి వదిలేద్దామని ఆ కుర్రాడు చేతులు కట్టుకుని నిలబడి ఉంటే ఈ చరిత్ర మొదలయ్యేదే కాదు. ఈ మాట మా మేనకోడలు అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

అయితే కోలో కథ అక్కడితో ఆగదు. దాన్ని మనిషి బిడ్డలాగే పెంచారు. గౌన్లు తొడిగారు, పండుగలు చేశారు, జనం తండోపతండాలుగా వచ్చి చూశారు. తరువాత కోలో ముగ్గురు పిల్లల్ని కన్నది. ముగ్గురిలో ఒక్కరినీ తాను పెంచలేదు. బిడ్డను చూసుకోవడం దానికి ఎవరు నేర్పారు గనుక?

ఇక్కడే స్విట్జర్లాండులోని బాజెల్ జూ చూపిన దారి ఆసక్తికరం. 1959 సెప్టెంబరులో అక్కడి ఆడ గొరిల్లా అకిలాకు గోమా పుట్టింది. యూరప్‌లో పుట్టిన మొదటి గొరిల్లా అది. అకిలాకు బిడ్డ మీద ప్రేమ లేక కాదు, ఎలా ఎత్తుకోవాలో, రొమ్ము ఎలా అందించాలో తెలియలేదు. పాలు అందని పిల్లను జూ డైరెక్టరు ఎర్నెస్ట్ లాంగ్ తన ఇంటికి తీసుకుపోయి పెంచాడు. ఇంతవరకు కొలంబస్ కథే. రెండేళ్ల లోపే, 1961లో, అదే అకిలాకు జాంబో పుట్టాడు. ఈసారి బిడ్డ తల్లి దగ్గరే ఉంది, అకిలా తానే పాలిచ్చి పెంచుకుంది. జూలో పుట్టి తల్లి చేతుల్లో పెరిగిన మొదటి గొరిల్లా జాంబో. తల్లి మారలేదు, జూ మారలేదు. మొదటి కాన్పులో చేతకానిది రెండో కాన్పుకు చేతనైంది.

పాడి ఉన్న ఇళ్లలో ఇది తెలియనిదేమీ కాదు. తొలిచూలు గేదె దూడను చూసి బెదిరి తన్నితే ఎవరూ దూడను శాశ్వతంగా విడదీయరు. దూడ ఒంటికి తవుడో ఉప్పో రాసి తల్లి ముందు పెడతారు, అది నాకుతూ నాకుతూ మచ్చిక అవుతుంది. గొరిల్లా విషయంలో ఇంకో ఇబ్బంది ఉంది. అడవిలో ఆడపిల్ల పదేళ్లు వచ్చేదాకా గుంపులోని తల్లులను చూస్తూ, వాళ్ల పిల్లలను ఎత్తుకుంటూ పెరుగుతుంది. తొలి రోజుల జూ గొరిల్లాలు పసితనంలోనే ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చినవి. ఆ పసిదాన్ని పట్టుకోవడానికి సాధారణంగా తల్లిని చంపేవారు. తల్లి పెంపకం చూడని పిల్ల, సిమెంటు గదిలో ఒంటరిగానో ఒక మగదానితోనో పెరిగి, ఒకరోజు తానే తల్లి అయ్యేది. దాన్ని చెడ్డ తల్లి అని జూ దస్త్రాల్లో రాయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మరి జూలు అంతకాలం సీసానే ఎందుకు పట్టుకు వేలాడాయి? భయం ఒక కారణం. పిల్ల చాలా ఖరీదైనది, చనిపోతే పరువు నష్టం. లెక్క మరో కారణం. పాలిచ్చే గొరిల్లా నాలుగేళ్లకు గాని మళ్లీ కనదు. బిడ్డను తీసేస్తే త్వరగా మళ్లీ ఎదకొస్తుంది. అడవి జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందం 1975లో అమల్లోకి వచ్చాక ఆఫ్రికా నుంచి కొత్త గొరిల్లాలు తెచ్చుకునే దారి దాదాపు మూసుకుపోయింది. ఉన్నవాటితోనే సంఖ్య పెంచుకోవాలి. సీసా ఆ సంఖ్యను పెంచింది, నిజమే. కానీ అలా పెరిగినవాటిలో చాలా వాటికి జతకట్టడం రాదు, కన్నా పెంచడం రాదు. తరువాతి తరానికి మళ్లీ సీసానే దిక్కు. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టుంది ఈ వ్యవహారం.

మా వాదనలో ఇద్దరం ఒక్కో ఉదాహరణ విసురుకున్నాం. నాది జాంబో. 1986లో జెర్సీ దీవిలోని జూలో ఐదేళ్ల బాలుడు గొరిల్లాల ఆవరణలో పడి స్పృహ తప్పితే, జాంబో వచ్చి పక్కన నిలబడి, మిగతా గొరిల్లాలకు అడ్డుగా ఉండి, వాడి వీపు నిమిరాడు. తల్లి పెంపకం అంటే అదీ అన్నాను. ఆమె వెంటనే బింతి జువాను తెచ్చింది. 1996లో షికాగో దగ్గరి బ్రూక్‌ఫీల్డ్ జూలో మూడేళ్ల పిల్లవాడు పడిపోతే, ఈ ఆడ గొరిల్లా తన పిల్లను వీపున మోస్తూనే వాణ్ణి ఎత్తుకుని సిబ్బంది వచ్చే తలుపు దగ్గర పడుకోబెట్టింది. బింతి మనుషుల చేతిలో పెరిగినది. గొప్ప దెబ్బే. అయితే పిల్లను ఎలా చూసుకోవాలో దానికి బొమ్మతో ప్రత్యేకంగా నేర్పారు. తల్లి చూపవలసినది మనుషులు పాఠం పెట్టి నేర్పవలసి వచ్చిందన్న మాట.

నా మటుకు అన్నిటికన్నా తెలివైనది మూడో దారి, పెంపుడు తల్లి. 2013 జనవరిలో టెక్సస్‌లో గ్లాడిస్ అనే పిల్ల పుట్టింది. తల్లి దగ్గరకు తీయలేదు. దాన్ని సిన్సినాటి జూకు తీసుకొచ్చారు. అక్కడి సిబ్బంది నల్లటి బొచ్చు కోట్లు తొడుక్కుని, మోకాళ్లకు తొడుగులు కట్టుకుని, పిల్లను వీపునో పొట్టకో కరిపించుకుని నాలుగు కాళ్ల మీద నడిచారు, గొరిల్లాల్లా గొంతులో గురగురలాడారు. ఇదంతా మిగతా గొరిల్లాల వాసన, చప్పుడు తెలిసే చోటే జరిగింది. పాలు సీసావే, కానీ చుట్టూ ప్రపంచం గొరిల్లాలది. కొన్ని నెలలకు మ్‌లింజీ అనే పెద్ద ఆడ గొరిల్లాకు పిల్లను అప్పగించారు. ఇలాంటి చోట్ల పిల్లకు జాలీ దగ్గరకు వచ్చి పాలు తాగడం ముందే అలవాటు చేస్తారు. అందుకే పెంపుడు తల్లికి పాలు లేకపోయినా ఫరవాలేదు. ఆకలి మనిషి తీరుస్తాడు, మందలింపు, ముద్దు, వీపు మీద సవారీ గొరిల్లా చూసుకుంటుంది.

కాబట్టి నా వరుస ఇది. తల్లి ఉన్న గుంపు మొదట, మొదటి కాన్పు చెడినా రెండోసారి అవకాశం ఇవ్వాలి. కుదరకపోతే వీలైనంత త్వరగా పెంపుడు తల్లి. ప్రాణం మీదికి వచ్చినప్పుడే సీసా, అది కూడా తిరిగి గుంపులోకి పంపే తేదీ మనసులో పెట్టుకుని. మా మేనకోడలు మొదటి రెండింటికీ ఒప్పుకుంది. మూడో దానిలో "ప్రాణం మీదికి వచ్చిందో లేదో ఎన్ని గంటలకు తేలుస్తావు?" అని పట్టుకుంది. అది పశువైద్యులు తేల్చాల్సిన సంగతి, నేను తప్పుకున్నాను.

మన దేశంలో ఈ ప్రశ్న ఇప్పట్లో ఎదురుకాదు. 1995లో డబ్లిన్ నుంచి మైసూరుకు వచ్చిన పోలో అనే మగ గొరిల్లా చాలా ఏళ్లు ఒంటరిగా ఉండి 2014లో చనిపోయింది. 2021లో జర్మనీ నుంచి తబో, దెంబా వచ్చాయి. రెండూ మగవే. ఒక పెద్ద మగదాని చుట్టూ నాలుగైదు ఆడవి ఉండే జాతి కనుక, జూల్లో మగవి మిగిలిపోవడం సహజం. వాటిని ఇలా మగ జట్లుగా ఉంచుతారు. విజయవాడ నుంచి చూడటానికి వెళ్లాలనుకునేవారు టికెట్లు తీసుకునే ముందు వారం చూసుకోండి, మంగళవారం మైసూరు జూకు సెలవు.