సెబులో ఎస్క్రిమా క్లాసు: ఆత్మరక్షణ కోసం చేరొచ్చా?

ఫిలిప్పీన్స్‌లోని సెబులో మెడిసిన్ చదువుతూ రాత్రి డ్యూటీ దిగి రూముకి నడిచొచ్చే మనలాంటి వాళ్లకి ఇక్కడి కర్ర, కత్తి పోరాట కళ ఎస్క్రిమా పనికొస్తుందా అని జూనియర్లు అడుగుతూనే ఉంటారు. పనికొస్తుంది. కాకపోతే వీడియోల్లో చూసి అనుకునే పద్ధతిలో కాదు. ఏడాదికి పైగా వెళ్తున్నాను కాబట్టి వివరంగా రాస్తున్నా.

మా క్లాసు పెద్ద అకాడమీ ఏమీ కాదు. ఒక ఇంటి వెనక రేకుల షెడ్డు, సిమెంటు నేల, రెండు ఫ్యాన్లు. గంటన్నరకి 250 పెసోలు. కర్ర వాళ్లే ఇస్తారు. కర్రసాము చూసి పెరిగిన వాళ్లకి ఇది మరీ పొట్టిగా అనిపిస్తుంది, దాదాపు 28 అంగుళాలే. రట్టన్ (పేము) కర్ర కాబట్టి గట్టి దెబ్బలకి పీచు పీచుగా ఊడుతుందే గానీ పదునైన ముక్కలై మొహం మీదికి ఎగరదు. గోడకి కమగాంగ్ చెక్క కర్రలు కూడా ఉన్నాయి, కానీ ఇద్దరు కలిసి చేసే సాధనలో వాటిని ముట్టుకోనివ్వరు. అంత బరువైన కర్ర వేలికి తగిలితే ఎముక విరిగినట్టే.

నేర్పేది బలింతవాక్ పద్ధతి. 1932లో సెబులో మొదలైన డోసే పారెస్ క్లబ్బు నుంచి బయటికొచ్చిన వెనాన్సియో బాకోన్ 1950లలో ఇదే ఊళ్లో దీన్ని నిలబెట్టారు. ఒకటే కర్ర, బాగా దగ్గరి దూరం. ఖాళీగా ఉన్న రెండో చేయి ఎదుటివాళ్ల కర్రని నొక్కుతూ, తోస్తూ, పడుతూ ఉంటుంది. రెండు కర్రలతో చేసే సినవాలి చూడటానికి ఎంతో బాగుంటుంది, చేతులకి మంచి అలవాటు కూడా. కానీ వీధిలో రెండు కర్రలు పట్టుకుని ఎవరు తిరుగుతారు?

దెబ్బలకి ఇక్కడ నంబర్లు పెడతారు, మొత్తం పన్నెండు కోణాలు. కణత మీదికి పై నుంచి ఏటవాలుగా వచ్చేది ఒకటి, పొట్టలోకి పొడిచేది ఇంకొకటి, అలా. వచ్చేది కర్రయినా, సీసా అయినా, ఉత్త పిడికిలైనా కోణం అదే కాబట్టి కన్ను కదలికని పట్టుకోవడం నేర్చుకుంటుంది. ఈ కళలో నాకు బాగా నచ్చింది ఇదే. దీనికి అగక్ అనే సాధన తోడవుతుంది: మాస్టారు ఏ కోణంలో కొడతారో చెప్పరు, వేగం పెంచుతారు, తగ్గిస్తారు, మధ్యలో ఖాళీ చేత్తో భుజం తోస్తారు. మొదట్లో ఒళ్లంతా టెన్షన్‌గా బిగుసుకుపోతుంది. నెలలు గడిచేకొద్దీ ఊపిరి బిగపట్టడం మానేస్తాం. ఇలాంటి శిక్షణకి ఇంతకు రెండింతలు అడిగినా ఇస్తాను.

ఇక కత్తి సంగతి. చేతిలోంచి కత్తి లాక్కునే టెక్నిక్కులు ఇక్కడా నేర్పిస్తారు. అవతలి వాళ్లు చేయి చాచి ఆపినప్పుడు అవన్నీ చక్కగా పనిచేస్తాయి. ఒకసారి మాస్టారు రబ్బరు కత్తి అంచుకి లిప్‌స్టిక్ పూసి, పొడిచిన వెంటనే చేయి వెనక్కి లాక్కోమని నా జోడీకి చెప్పారు. కత్తి లాక్కున్నాను. కానీ మణికట్టు లోపలి నుంచి మోచేతి దాకా నా చేతి నిండా ఎర్రటి గీతలు. రేడియల్ ధమని ఉన్నచోట ఒకటి, వేళ్లు ముడిచే టెండన్ల మీద అడ్డంగా రెండు. సర్జరీ పోస్టింగులో అలాంటి చేతులు చూశాను, కుట్లు పడ్డాక కూడా పిడికిలి బిగించలేని చేతులు. అందుకే కత్తి లాక్కోవడం ఆఖరి గతి అని మాస్టారు మొహమాటం లేకుండా చెబుతారు. ఆ నిజాయితీ వల్లే ఈ క్లాసు మీద నాకు నమ్మకం కుదిరింది.

అంతకంటే అసలైన డ్రిల్ ఇంకొకటుంది. ఒకరు రబ్బరు కత్తిని తొడ వెనక దాచుకుని, దారి అడుగుతున్నట్టు మామూలుగా నడిచొస్తారు. రెండో చేయి కనపడటం లేదని మనం గమనించి, వాళ్లు చేయి చాచితే అందేంత దగ్గరికి రాకముందే పక్కకి అడుగేసి దూరం పెంచాలి. దారి దొరికితే పరుగే. పరుగుకి వీల్లేనప్పుడు, చేతిలో ఏదుంటే దాంతో కత్తి పట్టిన చేతి వేళ్ల మీద కొట్టాలి. ఇక్కడి వానలకి గొడుగు ఎలాగూ ఉంటుంది. పొడవాటి గొడుగైతే కర్రలాగే తిరుగుతుంది, మడత గొడుగు మొదటి దెబ్బకే వంగిపోతుంది. మేం రెండూ కొట్టి చూశాం.

ఆయుధం దగ్గర పెట్టుకుంటే ధైర్యం కదా అనే వాళ్లకి ఒక మాట. బతాంగాస్ రాష్ట్రం నుంచి వచ్చే బాలిసోంగ్ అనే మడత కత్తులు ఎంత ముచ్చటగా ఉన్నా సంచిలో వేసుకుని తిరగొద్దు. 1978 నాటి బాతాస్ పంబాన్సా 6 అనే ఇక్కడి చట్టం ప్రకారం పనికో, మరో చట్టబద్ధమైన అవసరానికో తప్ప ఇల్లు దాటి కత్తి తీసుకెళ్లడం నేరం. ఆత్మరక్షణ అని కోర్టులో చెప్పాలన్నా, ముందు అవతలివాళ్లే అన్యాయంగా దాడి చేయాలి, మనం వాడిన పద్ధతి అవసరానికి తగ్గట్టు ఉండాలి, రెచ్చగొట్టింది మనం కాకూడదు. వీసా మీద చదువుకుంటున్న వాళ్లం, ఇది బాగా గుర్తుంచుకోవాలి.

లోపాలూ ఉన్నాయి. హెల్మెట్లు సరిపడా లేవు, అందుకే ఫ్రీ స్పారింగ్ అరుదు. శనివారం రద్దీ ఎక్కువై అగక్‌కి మన వంతు కొద్ది నిమిషాలే వస్తుంది, మామూలు రోజుల్లో వెళ్లండి. సూచనలు సగం ఇక్కడి భాష సెబువానోలోనే, అది కొన్ని వారాల్లో అలవాటవుతుంది. గ్లవ్స్ మాత్రం సొంతవి కొనుక్కోండి, వేళ్లు వాచిపోతే ప్రాక్టికల్స్‌లో కష్టం. పోటీలు, మెడల్స్ కావాలంటే ఇది మీ చోటు కాదు. 2009లో చట్టం ద్వారా జాతీయ క్రీడ అయిన ఆర్నిస్‌ని (ఎస్క్రిమాకే ఇంకో పేరు) మెత్తటి కర్రలతో ఆడించే క్లబ్బులు వేరే ఉన్నాయి.

మీరు ఇంకెక్కడైనా చేరాలనుకుంటే, డబ్బు కట్టేముందు ఒక క్లాసు కూర్చుని చూడండి. ఎదుటివాళ్లు సహకరించకుండా కత్తి తిప్పే డ్రిల్ వాళ్ల దగ్గరుందా అని అడగండి. లేదంటే కర్ర వరకూ నేర్చుకోండి, కత్తి విషయంలో మాత్రం వాళ్ల మాట నమ్మొద్దు.