అమ్మ కోసం మూడేళ్ల నాలుగు నెలలు: ఇంటి దగ్గరే పెద్దల సంరక్షణ సేవ, నా అనుభవం

అమ్మకు 2021 ఆగస్టులో పక్షవాతం వచ్చింది. అప్పటికి ఆమెకు 76 ఏళ్లు. నేను బెంగళూరులో, తమ్ముడు డల్లాస్‌లో, గుంటూరు ఇంట్లో అమ్మ ఒక్కతే. మా దగ్గరికి రమ్మని ఎంత బతిమాలినా ‘మీ నాన్న కట్టిన ఇల్లు వదిలి ఎక్కడికీ రాను’ అంది. ఆసుపత్రి నుంచి తెచ్చాక రెండు నెలలు సెలవు పెట్టి నేనే చూసుకున్నాను. నవంబరులో ఒక సంరక్షణ సంస్థలో చేరాం. ఇలాంటి సేవ తీసుకోబోయేవాళ్లు ఏమేం చూసుకోవాలో చెప్పడమే నా ఉద్దేశం కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు.

డబ్బు సంగతి ముందే చెబుతాను. సమన్వయానికి, అంటే వారం వారం వచ్చి అన్నీ చూసుకునే సంస్థ మనిషికి, నెలకు 5,500 రూపాయలు, రాత్రింబవళ్లు ఉండే ఆయాకు 24,000, ఫిజియోథెరపిస్టు వచ్చిన ప్రతిసారీ 500. మందులు, డయాపర్లు వేరు. మొదట్లో ఆ 5,500 దండగ అనిపించింది. ఆయాను వీధిలో నలుగురిని అడిగినా దొరికించుకోవచ్చు, డాక్టరు ఉండనే ఉన్నారు, ఇక మధ్యలో ఈ మనిషెందుకు అనుకున్నాను. మూడో వారంలోనే తెలిసింది.

అమ్మ పాదాలు వాచాయి. దగ్గర్లోని డాక్టరుకు చూపిస్తే నీరు పోయే మాత్ర రాశారు. దాంతో రాత్రికి నాలుగైదుసార్లు లేవాల్సి వచ్చేది. ఒకసారి కళ్లు తిరిగి మంచం పట్టుకుని నిలదొక్కుకుంది. వారానికోసారి వచ్చే సమన్వయకర్త నర్సింగ్ చదివిన అమ్మాయి. ఆ రోజు వీడియో కాల్‌లో నన్ను ఉంచి, ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక స్టీలు పళ్లెంలో పోసింది. ఒక్కో అట్ట తిప్పి వెనక ఉన్న సన్నటి అక్షరాలు పైకి చదివింది. పక్షవాతానికి ముందు నుంచీ వాడుతున్న బీపీ మాత్ర అమ్లోడిపిన్. ఆసుపత్రివాళ్లు డిశ్చార్జి చేస్తూ రాసిన కొత్త మాత్రలో టెల్మిసార్టన్‌తో పాటు అదే అమ్లోడిపిన్ ఉంది. పేర్లు వేరు, రంగులు వేరు, మందు ఒకటే. పాదాల వాపు ఆ మందు వల్ల వచ్చేదే. వాపుకు మరో మందు, ఆ మందుకు కళ్లు తిరగడం. ‘అక్కా, డాక్టరుగారితో మాట్లాడకుండా ఏదీ ఆపకండి’ అని, తనే ఇద్దరు డాక్టర్లకూ ఫొటోలు పంపింది. పాత మాత్ర, నీటి మాత్ర రెండూ ఆపించారు. పది రోజుల్లో వాపు తగ్గింది. డాక్టర్లిద్దరూ మంచివాళ్లే. ఒకరు రాసింది ఇంకొకరికి చూపించే మనిషే అంతవరకూ లేరు. మా రెండు నెలల్లో ఆ మనిషిని నేనే కావాల్సింది, నాకు తట్టలేదు.

ఆ అమ్మాయి ఉన్న దాదాపు రెండేళ్లూ మేం నిశ్చింతగా నిద్రపోయాం. నాన్న పొగాకు కంపెనీలో పనిచేశారు. ఆయన పోయాక అమ్మకు వచ్చే ఈపీఎఫ్ పింఛను చిన్నదే అయినా, అమ్మకు అది ‘మీ నాన్న ఇచ్చే డబ్బు’. బతికే ఉన్నట్టు ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. అరిగిన వేళ్ల ముద్ర యంత్రంలో పడదు. ముఖం చూపించి ఇచ్చే పద్ధతి 2021 నవంబరులో వచ్చిందనీ, పోస్టుమాన్ ఇంటికే వచ్చి, అప్పట్లో 70 రూపాయల రుసుముతో, ఆ పని చేసిపెడతారనీ మాకు చెప్పింది తనే. పెద్దల సహాయానికి 14567 అనే ఉచిత నంబరు ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుందనీ తన ద్వారానే తెలిసింది.

2023 జూన్‌లో అమ్మ బాత్‌రూములో జారిపడింది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. అమ్మ ఇంకా మంచంలో ఉండగానే, సెప్టెంబరులో ఆ అమ్మాయికి ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. సంతోషించాను, లోపల భయం వేసింది. భయపడినట్టే అయింది.

కొత్తగా వచ్చినతనికి ఫైలు అప్పగించారు. మందుల జాబితా, పరీక్షల కాగితాలు, డాక్టర్ల నంబర్లు అన్నీ పద్ధతిగా ఉన్నాయి. కానీ పడక పుళ్లు రాకుండా వేసిన ఎయిర్ బెడ్ మోటారు రాత్రంతా గుయ్‌మంటుందని, ఆ చప్పుడుకు అమ్మ విసుక్కుంటుందని, అయినా ఆపకూడదని ఏ కాగితంలోనూ లేదు. పాత ఆయాకు తెలుసు. ఆమె ఊరెళ్లింది. బదులుగా వచ్చిన ఆయా మామ్మగారికి నిద్ర పట్టాలని మోటారు కట్టేసింది, నిద్ర లేపడం ఇష్టంలేక రెండు గంటలకోసారి పక్కకు తిప్పడమూ మానేసింది. ప్రేమతో చేసిన పనే. నేను వెళ్లేసరికి నడుము కింద రూపాయి బిళ్లంత మేర చర్మం ఎర్రగా కమిలి, మధ్యలో చిట్లి ఉంది. అది మానడానికి రెండున్నర నెలలు పట్టింది. డ్రెస్సింగ్ చేస్తుంటే అమ్మ దిండు అంచు పళ్లతో పట్టుకునేది. ఆ ఫిర్యాదుకు సంస్థ నుంచి నాలుగు రోజుల తర్వాత ‘మీ అభిప్రాయానికి ధన్యవాదాలు’ అని మెసేజ్ వచ్చింది. ఆ మాట నేను ఇప్పటికీ క్షమించలేదు.

అప్పుడే మానేసి ఉండాల్సింది అని తమ్ముడు అంటాడు. నేను మానలేదు. ఇంకో సంస్థకు మారితే మళ్లీ మొదటి రోజే అవుతుంది. బదులుగా మూడు షరతులు పెట్టాను. మనిషి మారితే పాత, కొత్త ఇద్దరూ కనీసం రెండుసార్లు కలిసి ఇంటికి రావాలి. ఆయా సెలవు వారం ముందే చెప్పాలి. మంచం పక్కన మేకుకు ఒక నోటు పుస్తకం వేలాడదీసి, అమ్మను ఎప్పుడు ఏ పక్కకు తిప్పారో, ఏం తిందో, ఏం అడిగిందో తెలుగులో రాయాలి. ఒప్పుకోవడానికి ఆరు వారాలు నానబెట్టారు. చివరికి ఒప్పుకున్నారు, అప్పటి నుంచి పాటిస్తున్నారు కూడా. రెండో సమన్వయకర్త నెమ్మది మనిషి, వినే మనిషి. ఇప్పుడు అతను మాకు బాగా అలవాటయ్యాడు.

ఖర్చు విషయంలో మాత్రం ఊరట లేదు. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరు 29న మొదలుపెట్టింది. మంచి పథకం. కానీ అది ఆసుపత్రిలో చేరినప్పటికి. ఇంట్లో ఆయా జీతం, ఎయిర్ బెడ్, డయాపర్లు మా జేబులోంచే. ఇద్దరు పిల్లలు సంపాదిస్తున్న ఇల్లు కాబట్టి మేం మోయగలుగుతున్నాం.

ఈ సేవ తీసుకోమని చెబుతానా? చెబుతాను, పిల్లలు ఊళ్లో లేని ఇళ్లకు మరీ మరీ చెబుతాను. కానీ చేరేముందు వాళ్ల బ్రోచరు చూడకండి. ఇప్పుడు చూసుకుంటున్న ఏదైనా ఒక ఇంటివాళ్లతో మాట్లాడించమనండి. ఆదివారం రాత్రి ఎవరు ఫోన్ ఎత్తుతారో అడగండి. ఆయా మానేస్తే ఎన్ని గంటల్లో ఇంకొకరు వస్తారో కాగితం మీద రాయించుకోండి.

2025 మార్చి ఇది. అమ్మ పొద్దున పూట వాకర్ పట్టుకుని వరండా దాకా వచ్చి కుర్చీలో కూర్చుంటోంది. రాత్రిళ్లు ఇంకా తిప్పాల్సిందే. నోటు పుస్తకాలు నాలుగు నిండాయి, అయిదోది నడుస్తోంది. మొన్న వెళ్లినప్పుడు ఆఖరి పేజీ చూశాను. పాత ఆయా చేతిరాత, గుండ్రటి అక్షరాలు: ‘రాత్రి 2 గం. ఎడమ పక్క. మోటారు నడుస్తుంది. మామ్మగారు నిద్దరపోలేదు. పెళ్లినాటి సంగతులు చెప్పారు.’