మడతపెట్టే బాప్తిస్మపు తొట్టి: ఏ సంఘానికి పనికొస్తుంది, ఎక్కడ ఇబ్బంది పెడుతుంది

ఈ తొట్టి మీకు పనికొస్తుందా అన్నది గుడ్డ మందాన్ని బట్టి తేలదు. బాప్తిస్మం గురించి మీ సంఘం ఏం నమ్ముతుందో దాన్ని బట్టి తేలుతుంది. బాప్తిస్మం లేనిదే రక్షణ లేదనేవారికి నీళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. బైబిల్లో ఫిలిప్పీ పట్టణపు చెరసాల నాయకుడు నమ్మిన ఆ రాత్రి ఆ గడియలోనే బాప్తిస్మం పొందాడు, మూడు నెలల తరగతులు పూర్తిచేసి కాదు. క్రీస్తు సంఘాలు (చర్చి ఆఫ్ క్రైస్ట్ అనే శాఖ) ఆ తొందరనే పాటిస్తాయి. రక్షణ విశ్వాసం వల్లే కలుగుతుంది, బాప్తిస్మం ఆ తర్వాతి విధేయత అనే బాప్టిస్టు సంఘాలు మాత్రం కొందరిని కూడగట్టి, ఒక ఆదివారం నిర్ణయించి ఇస్తాయి. మడత తొట్టి ఈ రెండోవారి కోసం చేసిన వస్తువు. నింపడానికి గంట, నీళ్లు కాగడానికి నాలుగు గంటలు పడుతుంది. అర్ధరాత్రి ఎవరైనా తలుపు తట్టి "ఇప్పుడే ఇవ్వండి" అంటే ఇది అక్కరకు రాదు. అలాంటి సంఘం నేలలో కట్టిన తొట్టో, ఫైబర్ తొట్టో పెట్టుకోవడమే మేలు.

ఈ తగవంతా అపొస్తలుల కార్యములు 2:38లో "పాపక్షమాపణ నిమిత్తము" అన్న మాట దగ్గరే ఉంది. క్షమాపణ దొరకడానికా, దొరికింది కాబట్టా? గ్రీకులో "ఎయిస్" అన్న చిన్న మాటను ఎటు లాగుతారో, తెలుగులో "నిమిత్తము"నూ అలాగే రెండు వైపులా లాగవచ్చు. తప్పనిసరి కాదనేవారు పదో అధ్యాయంలో కొర్నేలీ అనే శతాధిపతి ఇంటిని చూపిస్తారు. అక్కడ ముందు పరిశుద్ధాత్మ దిగాడు, నీళ్ల మాట తర్వాత వచ్చింది. అయినా అక్కడ బోధించిన పేతురు నీళ్లు మానమనలేదు. అందుకే తప్పనిసరి కాదనేవారికీ ఏదో ఒక తొట్టి కావాలి.

తప్పనిసరి అని గట్టిగా చెప్పే కతోలికులకు మాత్రం ఇది అసలు అక్కర్లేదు. రక్షణకు జ్ఞానస్నానం (బాప్తిస్మానికి వారి పేరు) అవసరమని ట్రెంటు మహాసభ 1547లో తీర్మానించింది. కానీ తలమీద నీళ్లు పోసినా అది చెల్లుతుంది. ప్రాణాపాయంలో ఎవరైనా ఇవ్వవచ్చు, ఇచ్చేవారికి సంఘం చేసేదే తామూ చేయాలన్న ఉద్దేశం ఉంటే చాలు. గ్లాసెడు నీళ్లు తలమీద పారేలా పోస్తూ, "తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను" అని పలకాలి. పోయడం, పలకడం ఒకేసారి జరగాలి. "నేను" బదులు "మేము" అంటే చెల్లదని 2020లో వాటికన్ తేల్చింది.

ఇక తొట్టి సంగతి. పీవీసీ గుడ్డ, పైపుల చట్రం. లోపల పొడవు 1.8 మీటర్లు, వెడల్పు 75 సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్ల ఎత్తున నింపితే 810 లీటర్లు, అంటే 810 కిలోలు. చదరపు మీటరుకు 600 కిలోలు పడుతుంది, పైన మనుషుల బరువు వేరే. మేడ మీద, చెక్క వేదిక మీద పెట్టకండి. మామూలు ఇంటి స్లాబు లెక్క సుమారు 200 కిలోలే. ఈ లోతులో కూర్చోబెట్టి ముంచవచ్చు. నిలబెట్టి ముంచాలంటే నడుము దాకా నీళ్లు కావాలి, అప్పుడు 1,200 లీటర్లు దాటుతుంది. మనిషి పూర్తిగా మునిగితే మట్టం అయిదారు సెంటీమీటర్లు లేస్తుంది. అలలకూ కలిపి పైన 15 సెంటీమీటర్లు ఖాళీ వదలకపోతే తివాచీలు తడుస్తాయి.

నీళ్లను పది డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు తొమ్మిదిన్నర యూనిట్ల కరెంటు కావాలి. మూడు కిలోవాట్ల హీటరుకు మూడు గంటల పైనే, చల్లారేది కలిపితే నాలుగు. మనుషులు దిగే ముందు హీటరు ఆపితే చాలదు, ప్లగ్గు పీకి హీటరును బయట పెట్టాలి. కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ లేని లైనుకు అసలు తగిలించొద్దు. మైకు మరీ ప్రమాదం. 2005లో టెక్సాసులో నీళ్లలో నిలబడి మైకు పట్టుకున్న పాస్టరు షాకు కొట్టి చనిపోయారు. నీళ్లలో ఉన్నవారి చేతికి వైరున్న మైకు ఇవ్వకండి. ప్రశ్నలు అడిగేవారు గట్టున నిలబడితే సరిపోతుంది.

కాచిన నీళ్లను రెండు మూడు రోజులు ఉంచాలనిపిస్తుంది. ఉంచొద్దు. 20 నుంచి 45 డిగ్రీల మధ్య లెజియొనెల్లా లాంటి బ్యాక్టీరియా పెరుగుతుంది. అదే రోజు వాడాలి. 5 శాతం బ్లీచు ద్రావణం 32 మిల్లీలీటర్లు కలిపితే ఈ పరిమాణానికి లీటరుకు రెండు మిల్లీగ్రాముల క్లోరిన్ వస్తుంది. హీటరు తీసేశాక కలపండి.

ముంచేటప్పుడు ఎక్కువ తప్పులు పొడుగువారితోనే. తల అంచుకు తగులుతుంది. ముందే కాళ్ల వైపు జరిపి, మోకాళ్లు మడవమని చెప్పండి. పాస్టరుగారి ఒక చెయ్యి మెడ కింద భుజాల మధ్య, మరొకటి ముక్కు మూసుకున్నవారి చేతుల మీద ఉండాలి. తెల్లబట్టలు తడిస్తే పారదర్శకమవుతాయి, అందుకని ముదురు రంగు అంగీలు వాడండి. అంచులో బరువు కుట్టించకపోతే అంగీ పైకి తేలుతుంది.

ఈ తొట్టికి నిజమైన లోపం తూము. అడుగుకు కాస్త పైన పెట్టడం వల్ల ఒకటి రెండు సెంటీమీటర్ల నీళ్లు మిగిలిపోతాయి, అంటే పాతిక లీటర్లు దాకా. స్పాంజితో పిండి తీయాల్సిందే. తడిగా మడిస్తే మడతల్లో నల్ల బూజు పడుతుంది. ఆరబెట్టాక ప్రతిసారీ అదే గీత మీద మడిస్తే అక్కడే చిట్లుతుంది, కాబట్టి వదులుగా చుట్టి పెట్టండి. ఏడాదిలో రెండు మూడుసార్లు ఇచ్చే సంఘానికి కొనదగ్గ వస్తువే. నెలనెలా ఇచ్చేవారు ఫైబర్ తొట్టి చూడండి.