అక్షరాల్లేని రంగుల పుస్తకం: కొనాలా, ఇంట్లోనే చేసుకోవాలా?

ఎండాకాలం సెలవుల్లో వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్, సెలవుల బైబిల్ బడి) పెట్టారంటే నల్లగొండ, పాలమూరు సండే స్కూల్ టీచర్ల సంచుల్లో ఈ పుస్తకం ఉండాల్సిందే. రంగులు చూపిస్తూ యేసు సువార్త చెప్పే పుస్తకమిది. లోపల బంగారు రంగు (పరలోకం), నలుపు (పాపం), ఎరుపు (యేసు రక్తం), తెలుపు (పాపం కడిగిన మనసు), పైన ఆకుపచ్చ అట్ట. ఒక్క అక్షరం ఉండదు, బొమ్మ కూడా ఉండదు. 1866లో లండన్‌లో స్పర్జన్ అనే బోధకుడు దీని గురించి ప్రసంగించినప్పుడు ఇందులో నలుపు, ఎరుపు, తెలుపు మూడే ఉన్నాయి. బంగారు రంగును 1875లో అమెరికా సువార్తికుడు మూడీ చేర్చాడు. ఆకుపచ్చ ఆ తర్వాత వచ్చింది.

దీనితో వినేవాళ్లకంటే చెప్పేవాళ్లకే లాభం ఎక్కువ. కరపత్రమైతే చేతిలో పెట్టి వచ్చేయొచ్చు. దీన్ని అలా ఇచ్చేస్తే అవతలివాళ్లకు అవి ఉత్త రంగు కాగితాలే. ప్రతి పేజీకీ సొంత మాటలు కావాలి. ఎక్కడ నోరు తడబడితే అక్కడ బైబిల్ వాక్యం మళ్లీ చదువుకోవాలన్నమాట.

ఎక్కువమంది జారేది ఎరుపు దగ్గరే. సిలువ, రక్తం చెప్పి గబుక్కున పేజీ తిప్పేస్తారు, పునరుత్థానం మిగిలిపోతుంది. 1 కొరింథీయులు 15:3-4లో ఉన్న వరుస పట్టుకోండి: చనిపోవడం, సమాధి, మూడోనాడు లేవడం. ఈ మూడూ చెప్పాకే తెలుపుకి పోవాలి.

నలుపుకి రోమా 3:23 చాలు. నల్లగా ఉన్నది చెడ్డది అనే అర్థం మాత్రం రానీయొద్దు. ఎదురుగా కూర్చున్న పిల్లల్లో ఇంటా బయటా 'నల్లోడా' అనిపించుకున్నవాళ్లు ఉంటారు. 'చీకటి పేజీ' అనండి.

తెలుపుకి అందరూ యెషయా 1:18 ఎత్తుతారు. అందులో హిమం, గొర్రెబొచ్చు ఉన్నాయి. మంచు మన ఊళ్లలో ఎవరు చూశారు? గొర్రెబొచ్చు అంటే పాలమూరు గొల్లకుర్మల పిల్లలకు నల్ల గొంగడే గుర్తొస్తుంది! వాక్యం చదివి, అప్పుడే పగిలిన పత్తికాయ చూపిస్తే వివరించే పని ఉండదు. పెద్దవాళ్లకు తెల్లగుడ్డ చావును గుర్తుచేస్తుంది, వాళ్లతో 'కడిగిన తెలుపు' అనాలి.

ఆకుపచ్చ అట్ట ఎదుగుదలకు గుర్తు, 2 పేతురు 3:18. ప్రార్థన, వాక్యం, సంఘం చెప్పి ఆపేస్తారు చాలామంది. విన్నది ఇంకొకరికి చెప్పడం కూడా ఇక్కడే రావాలి. పిల్లల చేతికి పుస్తకమిచ్చి తిరిగి చెప్పమంటే ఏది అర్థమైందో, ఏది కాలేదో అక్కడే తేలిపోతుంది.

ఇక వస్తువు సంగతి. కొన్నవాటిలో మెరిసే లామినేషన్ ఉంటే ఎండలో కూర్చున్నవాళ్లకు రంగు కనబడదు, మెరుపే కనబడుతుంది. మధ్యలో పిన్ను కొట్టినవి రోజూ తెరిచి మూస్తుంటే తొందరగానే వదులవుతాయి. జేబు సైజువి పదిమందికి మించితే పనికిరావు, వెనక వరసకు కనిపించవు.

ఇంట్లో చేసుకోవడమే నయం. 28×22 అంగుళాల చార్టు రంగుకొకటి చొప్పున ఐదు కొంటే 15 పుస్తకాలవుతాయి. లోపలి రంగులు నాలుగూ 8×4 అంగుళాల ముక్కలుగా, ఆకుపచ్చ 8.5×4గా కోయాలి. ఆ అర అంగుళం వెన్ను మందానికి. ఒక్కో ముక్కను సగానికి మడిచి, బంగారం, నలుపు, ఎరుపు, తెలుపు వరుసలో వీపుకి వీపు అంటించి, చుట్టూ అట్ట వేయాలి. ఏ పేజీ తెరిచినా రెండు వైపులా ఒకే రంగు రావాలి. గమ్ ఎక్కువైతే కాగితం ముడతలు పడుతుంది, పలుచగా రాసి రాత్రంతా బరువు కింద పెట్టండి. బంగారు చార్టు దొరకలేదని పసుపు వాడొద్దు, పిల్లలు అది పసుపే అంటారు, పరలోకం ముచ్చట పక్కకు పోతుంది. మామూలు చార్టు మీద గోల్డ్ పేపర్ అంటిస్తే సరి.

వేరే మతం ఇళ్ల పిల్లలకు తల్లిదండ్రులను అడగకుండా చెప్పొద్దు. 1 పేతురు 3:15 సమాధానం చెప్పమన్నది అడిగినవాళ్లకు, అదీ సాత్వికంతో. జబ్బు పోతుంది, ఉద్యోగం వస్తుంది అనే మాటలు ఏ పేజీలోనూ లేవు, కలపొద్దు.

ఇవే రంగుల పూసల బ్రాస్‌లెట్లు కూడా అమ్ముతున్నారు. పెద్ద పిల్లలకు ఫర్వాలేదు. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంటికి ఇవ్వొద్దు, దారం తెగితే పూసలు నోట్లోకి పోతాయి.