నార్ఫోక్ తీరం: మునిగిపోయిన నేల కోసం వెళ్తే ఎక్కడ ఉండాలి, ఏది చూడాలి

ఇంగ్లాండు తూర్పు తీరంలో ఉన్న నార్ఫోక్‌కు వెళ్తున్నామంటే తెలిసినవాళ్ళంతా పీతలు తినమన్నారు, సీల్స్‌ని చూసి రమ్మన్నారు. మేం వెళ్ళింది మాత్రం వేరే పని మీద. ఇప్పుడు ఉత్తర సముద్రం ఉన్నచోట ఒకప్పుడు నదులు, మడుగులు, అడవులు ఉండేవి. సుమారు 20 వేల ఏళ్ళ కిందట సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు తక్కువ. బ్రిటన్ అప్పుడు ద్వీపం కాదు, యూరప్‌ను ఆనుకుని ఉన్న నేల. మంచు కరిగేకొద్దీ ఆ మైదానం మునుగుతూ వచ్చింది. దానికి డాగర్‌ల్యాండ్ అనే పేరు పెట్టింది బ్రయనీ కోల్స్ అనే పురావస్తు శాస్త్రవేత్త, 1990లలో.

రాజమండ్రి నుంచి వచ్చిన నాన్న కూడా మాతో ఉన్నారు. రిటైరైన సైన్సు మాస్టారు. "నీళ్ళ కింద ఉన్నదాన్ని గట్టున నిలబడి ఏం చూస్తామమ్మా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. నడిమధ్యది చూడలేం, అంచులు చూడగలం. అదీ పాటు (సముద్రం వెనక్కి తగ్గడం) బాగా దిగినప్పుడే. కాబట్టి ఈ తీరానికి వచ్చేవాళ్ళు హోటల్ కన్నా ముందు ఆటుపోట్ల పట్టిక చూసుకోవాలి. అమావాస్య, పౌర్ణమి దాటాక ఒకటి రెండు రోజుల్లో నీళ్ళు అన్నిటికన్నా ఎక్కువ వెనక్కి పోతాయి. నాన్న ఫోన్‌లోని పంచాంగం తీసి తేదీ ఖాయం చేశారు. ఆ తర్వాతే గదులు బుక్ చేశాం.

లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి నార్విచ్‌కు రైల్లో సుమారు 2 గంటలు. అక్కడ కారు అద్దెకు తీసుకున్నాం. కౌంటర్‌లో డిపాజిట్ పేరుతో క్రెడిట్ కార్డు మీద బ్లాక్ చేసిన మొత్తం చూసి గుండె ఝల్లుమంది, అదనపు ఇన్సూరెన్సు అంటగట్టే మాటలు ఇంకో అరగంట. కారు వద్దనుకుంటే నార్విచ్ నుంచి క్రోమర్, వెస్ట్ రంటన్ మీదుగా షెరింగ్‌హామ్‌ దాకా చిన్న రైలు ఉంది. 2025 నుంచి ఇంగ్లాండులో చాలా బస్సులకు ఒక ప్రయాణానికి 3 పౌండ్లే గరిష్ఠం, అదీ నయమే. అయితే బస్సు మన కోసం ఆగదు, పాటూ ఆగదు. రెండూ కలిసే టైము దొరకాలంటే టెన్షనే.

మొదటి మకాం క్రోమర్. సముద్రం ఎదురుగా పాతకాలపు గెస్ట్‌హౌస్. శుభ్రంగా ఉంది, ఇంటావిడ ఎంతో మర్యాదగా చూసుకున్నారు. కానీ లిఫ్టు లేదు, మెట్లు నిట్టనిలువు, "సీ వ్యూ" అన్న గదిలో కిటికీ పక్కకి వంగితేనే సముద్రం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్తే కింది అంతస్తు గది ముందే అడిగి పెట్టుకోండి. శాకాహార బ్రేక్‌ఫాస్ట్ అంటే బీన్స్, పుట్టగొడుగులు, కాల్చిన టమాటా. రెండు పూటలకే మొహం మొత్తుతుంది. ఇక్కడి పీతకు పెద్ద పేరు. కానీ ఉడకబెట్టి చల్లారాక, మసాలా లేకుండా ఇస్తారు. గోదావరి జిల్లా వాళ్ళకి అది ఎక్కదు, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

క్రోమర్ మ్యూజియం చిన్నదే, గంటలో అయిపోతుంది. 1990లో పక్కనే వెస్ట్ రంటన్ కొండచరియలో బయటపడిన మామత్ (ఏనుగు జాతికి చెందిన, ఇప్పుడు అంతరించిన జంతువు) ఎముకల్లో కొన్ని ఇక్కడున్నాయి. అస్థిపంజరంలో సుమారు 85 శాతం దొరికింది. భుజం దగ్గర 4 మీటర్ల ఎత్తు, 10 టన్నుల బరువు ఉండేదట. అది చూశాక వెస్ట్ రంటన్ బీచ్‌కి వెళ్తే చరియ అడుగున నల్లటి మట్టి పొర దేనిదో అర్థమవుతుంది: పాత నదీ మడుగు బురద అది. పార్కింగ్ దగ్గర, కేఫ్ ఉంది, దిగే దారి వాలుగా ఉంటుంది, పిల్లలకు శిలాజాలు ఏరుకునే సరదా. చరియకు మరీ దగ్గరగా నిలబడకండి, మట్టి పెళ్ళలు ఊడిపడతాయి, అందులో తవ్వడం అసలు కూడదు.

హేజ్‌బరా అనే ఊరు (మ్యాపులో స్పెల్లింగు చూస్తే హ్యాపిస్‌బర్గ్ లాగా ఉంటుంది) గురించి చదివి ఎంతో ఊహించుకుని వెళ్ళాం. 2013 మే నెలలో అలలు ఇసుకను తోసేస్తే పాత బురదలో ఆదిమానవుల పాదముద్రలు సుమారు 50 కనిపించాయి. పెద్దలు, పిల్లలు కలిసి కనీసం ఐదుగురివి. వయసు 8.5 నుంచి 9.5 లక్షల ఏళ్ళ మధ్య. ఆఫ్రికా బయట తెలిసినవాటిలో అవే అత్యంత పాతవి. శాస్త్రవేత్తలు వానలో ఫొటోలు, కొలతలు తీసుకుంటుండగానే రెండు వారాల్లో సముద్రం వాటిని చెరిపేసింది. అంటే ఈ రోజు వెళ్తే చూడ్డానికి ముద్రలు లేవు. తీరం మాత్రం కళ్ళముందే తరుగుతోంది: సగంలో తెగిపోయిన రోడ్డు, చరియ అంచుకి చేరిన ఇళ్ళు. మా ఉప్పాడ గుర్తొచ్చి నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎరుపు, తెలుపు చారల లైట్‌హౌస్ అందంగా ఉంది కాబట్టి పూట వృథా కాలేదు. పెద్దవాళ్ళకైతే దగ్గర్లోని కార్ట్ గ్యాప్ కాంక్రీటు ర్యాంపు సుఖం.

అసలు డబ్బులు గిట్టుబాటైంది పడమటి కొసన. టిచ్‌వెల్ పక్షుల రిజర్వులో పార్కింగ్‌కు డబ్బులు తీసుకుంటారు, కానీ టాయిలెట్లు, కేఫ్ బాగున్నాయి, బీచ్ దాకా దారి చదునుగా ఉంది. పాటు దిగాక అక్కడ ఇసుక మధ్య నల్లటి పీట్ (సగం కుళ్ళిన మొక్కలతో ఏర్పడిన మట్టి) పలకలు బయటపడతాయి. వాటిలో చెట్ల మొదళ్ళు, వేళ్ళు, పడిపోయిన మానులు. వేల ఏళ్ళ కిందటి అడవి, సముద్రం పెరిగి ముంచేసినది. చేత్తో నొక్కితే తడిసిన చెక్క లాగే మెత్తగా ఉంది. "ఇదిగో, ఇది చూడ్డానికి రావాలి" అన్నారు నాన్న. జారుతుంది, మంచి పట్టున్న బూట్లు వేసుకోండి. నీళ్ళు తిరగడం మొదలవగానే వెనక్కి రండి, చదును తీరంలో పోటు చాలా వేగంగా వస్తుంది.

ఇక్కడికి మకాం హన్‌స్టంటన్‌లో పెట్టాం. లిఫ్టున్న చైన్ హోటల్, గదులకు ప్రత్యేకత ఏమీ లేదు, కానీ కెటిల్, చిన్న ఫ్రిజ్ ఉండడంతో పెరుగన్నం సాగింది. తూర్పు తీరంలో ఉన్నా ఈ ఊరు పడమటికి తిరిగి ఉంటుంది, సూర్యాస్తమయం సముద్రంలోనే.

కింగ్స్ లిన్‌లో లిన్ మ్యూజియం బస్ స్టేషన్ పక్కనే. 1998లో హోమ్ బీచ్‌లో బయటపడిన సీహెంజ్ ఇక్కడుంది: తలకిందులుగా పాతిన ఓక్ మోడు, చుట్టూ 55 ఓక్ దుంగల వలయం, చెట్లు నరికింది క్రీ.పూ. 2049లో. కట్టినప్పుడు అది సముద్రంలో లేదు, ఉప్పు బురద నేల మీద ఉంది. మ్యూజియానికి తరలించడాన్ని 1999లో చాలామంది గట్టిగా వ్యతిరేకించారు. వాళ్ళ బాధ అర్థమవుతుంది, కానీ అలల్లో వదిలేసి ఉంటే ఇవాళ ఏమీ మిగిలేది కాదని నా అభిప్రాయం.

రెండే రోజులుంటే హేజ్‌బరా వదిలేసి టిచ్‌వెల్, లిన్ మ్యూజియం పెట్టుకోండి. కింగ్స్ లిన్ నుంచి లండన్ కింగ్స్ క్రాస్‌కు నేరుగా రైలుంది కాబట్టి అలా వెళ్తే అద్దె కారు గొడవ కూడా ఉండదు.