ఏజెంట్ సెటప్‌లకు సిఫ్ట్‌తో ఎస్‌బామ్: ఏడాది వాడాక తేలింది

ఒక సాఫ్ట్‌వేర్‌లో ఏ సరుకు ఉంది, ఏ వెర్షన్, ఎక్కడినుంచి వచ్చింది అని చెప్పే జాబితా ఎస్‌బామ్. ఏఐ ఏజెంట్లకు ఆ జాబితా తీయడానికి విజయవాడలో మా టీమ్ ఏడాదికి పైగా సిఫ్ట్ అనే స్కానింగ్ టూల్ వాడుతోంది. అన్నిటికంటే ఎక్కువ స్కాన్లు చూసింది గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో ఏ లాట్‌కి ఎన్ని మిర్చి టిక్కీలు (బస్తాలు) ఉన్నాయో వాట్సాప్‌లో జవాబిచ్చే ఏజెంట్. ప్యాకేజీల వరకు సిఫ్ట్‌కి వంక పెట్టలేం. ఏజెంట్ దగ్గరకొచ్చేసరికి అది చేసేది సగం పనే, మిగతా సగం చేత్తో రాసుకోవాల్సిందే.

ముందు బాగున్నవి. ఒకే బైనరీ, పైథాన్, నోడ్, గో అన్నీ చదువుతుంది, జాబితాని సైక్లోన్‌డీఎక్స్, ఎస్‌పీడీఎక్స్ అనే రెండు ఎస్‌బామ్ ఫార్మాట్లలోనూ ఇస్తుంది. ఫోల్డర్‌ని స్కాన్ చేస్తే లాక్ ఫైళ్లు (ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌లో కావాలో బిగించి రాసినవి) చూస్తుంది, కంటైనర్ ఇమేజ్‌ని (ప్రోగ్రామ్‌నీ దానికి కావాల్సినవన్నిటినీ కట్టిన మూటని) స్కాన్ చేస్తే నిజంగా ఇన్‌స్టాలైనవి చూస్తుంది. అందుకే రెండు జాబితాలూ కలవవు. కస్టమర్‌కి ఇవ్వాల్సింది ఇమేజ్‌ది. పైథాన్ రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో వెర్షన్‌ని రెండు ఈక్వల్ గుర్తులతో బిగించకపోతే ఆ లైను జాబితాలోకి రాదు. ఊహించి రాయమనే సెట్టింగ్ ఉంది కానీ, ఊహించిన వెర్షన్‌తో ఆడిట్‌కి వెళ్లడమెందుకు? పైథాన్ ప్యాకేజీలు పెట్టే యూవీ టూల్ ఇచ్చే లాక్ ఫైల్ పెట్టుకుంటే ఆ గొడవే ఉండదు.

అసలు తిప్పలు ఎంసీపీ సర్వర్ల దగ్గర, అంటే ఏజెంట్‌కి బయటి టూల్స్‌ని అందించే ప్రోగ్రాముల దగ్గర. కాన్ఫిగ్ ఫైల్‌లో నోడ్ ప్యాకేజీని దించి నడిపే ఎన్‌పీఎక్స్ కమాండ్, పక్కన ప్యాకేజీ పేరు, అంతే. ఏజెంట్ లేచినప్పుడు ఆ ప్యాకేజీ దిగుతుంది. స్కాన్ అప్పటికే అయిపోయి ఉంటుంది కాబట్టి ఎస్‌బామ్‌లో దాని ఊసే ఉండదు. పైగా ఒక మెషీన్‌లో క్యాష్‌లోని పాతది నడిస్తే, ఇంకో మెషీన్‌లో కొత్తది నడుస్తుంది. 2025 సెప్టెంబర్‌లో బయటపడిన పోస్ట్‌మార్క్-ఎంసీపీ ప్యాకేజీ సంగతే చూడండి. 1.0.15 దాకా బుద్ధిగా పనిచేసి, 1.0.16లో ఒక్క లైను చేర్చి, పంపే ప్రతి ఈమెయిల్‌నీ గుట్టుగా బయటి చిరునామాకి కాపీ చేసింది. ఏ మెషీన్‌లో ఏ వెర్షన్ ఉందో రాసిపెట్టుకోనివాళ్లకి తాము చిక్కుకున్నామో లేదో తేల్చుకోవడమే పెద్ద పని.

పేరు పక్కన వెర్షన్ రాసేస్తే చాలదా అంటే, చాలదు. బిగిసేది పై ప్యాకేజీ ఒక్కటే. దాని కింద డిపెండెన్సీలు (అది ఆధారపడే ప్యాకేజీలు) క్యారెట్ (^) గుర్తుతో, కొత్త వెర్షన్ వచ్చినా సరేనన్నట్టు, వదులుగానే ఉంటాయి. మేం చేసేది ఇది: ఎంసీపీ సర్వర్లకు వేరే ఫోల్డర్, అందులో ఖచ్చితమైన వెర్షన్లతో ప్యాకేజ్ ఫైల్, లాక్ ఫైల్ గిట్‌లోకి, ఇమేజ్ బిల్డ్‌లో లాక్ ఫైల్‌లో ఉన్నవే పెట్టే ఎన్‌పీఎం సీఐ కమాండ్, కాన్ఫిగ్‌లో ఎన్‌పీఎక్స్ తీసేసి నోడ్ మాడ్యూల్స్‌లోని బిన్ పాత్. అప్పుడు సిఫ్ట్ కంటికి అన్నీ ఆనతాయి.

వేరేవాళ్ల మెషీన్‌లో నడిచే రిమోట్ ఎంసీపీ సర్వర్ అయితే స్కాన్ చేయడానికి మన దగ్గర ఏమీ ఉండదు. సైక్లోన్‌డీఎక్స్‌లో సర్వీసెస్ అనే భాగం దానికే ఉంది: ఎండ్‌పాయింట్ (దాని చిరునామా), లాగిన్ కావాలా వద్దా, డేటా మన గడప దాటుతోందా. టూల్ వివరణలు అవతలివాళ్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, మోడల్ చదివేది ఆ వివరణలనే. అందుకని టూల్స్ జాబితా తెప్పించి, జేసన్ డేటాని సర్దే జేక్యూ టూల్‌తో కీలనూ టూల్ పేర్లనూ వరుసలో పెట్టి, ఆ తర్వాతే హ్యాష్ (ఒక్క అక్షరం మారినా మారిపోయే వేలిముద్ర లాంటి కోడ్) తీయండి. వరుస పెట్టకపోతే క్రమం మారినప్పుడల్లా ఉత్తుత్తి అలారం మోగుతుంది.

మోడల్‌కి మెషీన్-లెర్నింగ్-మోడల్ అనే రకం సైక్లోన్‌డీఎక్స్ 1.5 నుంచే ఉంది. 1.4 అని రాసి ఇది పెడితే వ్యాలిడేషన్‌లోనే తన్నేస్తుంది. లేటెస్ట్ లాంటి మారుపేరు రాయకండి. ఏపీఐ మోడల్‌కి తేదీ ఉన్న పూర్తి పేరు, మోడల్‌ని సొంత మెషీన్‌లో నడిపే ఒల్లామాలో డైజెస్ట్ (దాని హ్యాష్), మోడళ్లు పంచుకునే సైట్ హగ్గింగ్ ఫేస్ నుంచి దించితే కమిట్ హ్యాష్.

సిస్టమ్ ప్రాంప్టులు, ఏజెంట్స్ ఫైలు, స్కిల్ ఫోల్డర్లు లాంటి, ఏజెంట్‌కి ఏం చేయాలో చెప్పే రాతలు కూడా సరుకే. ఫైల్ రకం కాంపొనెంట్‌గా ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్‌తో చేర్చండి. విండోస్ ల్యాప్‌టాప్‌లో గిట్ లైను చివర్లు మార్చేస్తుంది, అక్షరం ముట్టుకోకుండానే హ్యాష్ మారిపోతుంది. గిట్ యాట్రిబ్యూట్స్‌లో ఎల్ఎఫ్ అని బిగించాక ఆ తలనొప్పి వదిలింది.

సిఫ్ట్ తీసిన సగాన్నీ, చేత్తో రాసిన సగాన్నీ సైక్లోన్‌డీఎక్స్ సీఎల్ఐ అనే కమాండ్ టూల్ కలుపుతుంది. ప్రతి రన్‌కీ సీరియల్ నంబర్, టైమ్ మారతాయి కనుక, పాతదానితో పోల్చేముందు ఆ రెండూ తీసేయాలి.

ఎస్‌బామ్ చూసి తెలిసిన భద్రతా లోపాలు వెతికే గ్రైప్ టూల్‌కి ఈ ఫైలిస్తే ప్యాకేజీల లోపాలు బాగానే పట్టిస్తుంది. మోడల్, ప్రాంప్టుల గురించి మాత్రం కిక్కురుమనదు. లాట్ చీటీ చూసి టిక్కీలో తాలుకాయ లేదనుకుంటే ఎలా ఉంటుందో, ఆ మౌనాన్ని భరోసా అనుకోవడమూ అంతే.

2025 జులైలో వచ్చిన దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఎస్‌బామ్ మార్గదర్శకాల రెండో వెర్షన్‌లో ఏఐబామ్ (ఏఐ సరుకు జాబితా) కూడా చేరింది కాబట్టి, ఈ ఫైలు అడిగే కస్టమర్లు పెరుగుతారు. పంపేటప్పుడు ఎంసీపీ కాన్ఫిగ్‌ని ఉన్నదున్నట్టు జత చేయకండి. ఎన్విరాన్‌మెంట్ భాగంలో ఏపీఐ కీలు పచ్చిగా ఉంటాయి. వేరియబుల్ పేర్లు మాత్రం ఉంచి, విలువలు తీసేసి పంపండి.